ఇంకా తేల్చుకోని శ్రీశైలమ్మ

ఎవరికి ఓటు వేయాలో తేల్చుకోలేకపోవడం మనసు బలహీనత అంటారు మనస్తత్వ నిపుణులు. వాళ్ళెవరూ ఎండాకాలంలో హనుమంతునిపాడు వైపు వచ్చి ఉండరు! ఇక్కడ అది బలహీనత కాదు, బోరుబావి.

నమ్మరా? శ్రీశైలమ్మను చూడండి. మేకలు మేపుకొనే ముసలామె. వీధి కుళాయి ఎండిపోయి చాన్నాళ్ళయింది. ఎన్నికల ముందు పొదిలి నుంచి సర్వే చేసే అల్తాఫ్ ట్యాబ్ పట్టుకొని వచ్చాడు.

"అవ్వా, ఈసారి ఎవరికేస్తావు?"

"ఇంకా తేల్చుకోలే నాయనా."

నిజంగానే తేల్చుకోలేదు పాపం. సర్వే కబురు ఎట్లా చేరిందో గానీ, సాయంత్రానికి ఒక పార్టీ ట్యాంకర్ గుమ్మం ముందు ఆగింది. మర్నాడు రెండో పార్టీది! ఆమె మనసులో ఏముందని కట్టుకున్నవాడు కూడా ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు రెండు పార్టీలు అడుగుతున్నాయి, నీళ్ళు పోసి మరీ. ఆనాటి నుంచి తన సందేహాన్ని మేకపిల్లను సాకినట్టు సాకింది.

పక్కింటి ఆదిశేషు నిజాయతీపరుడు. అడగ్గానే పార్టీ పేరు చెప్పేశాడు. మనవాడే కదా అని ఆ పార్టీ రాలేదు. మనవాడు కాదు కదా అని రెండోది రాలేదు. చివరికి బిందెతో అవ్వ దగ్గరికే వచ్చాడు.

"మనిషికి ఒక సిద్ధాంతం ఉండొద్దా పెద్దమ్మా?"

"ఉండనీ. మరి బిందె ఎందుకు తెచ్చినావు?"

అంతే, ఊరు ఊరంతా సందేహంలో పడింది. పప్పా, పులుసా అని పెళ్ళాలడిగితే మొగుళ్ళు తేల్చి చెప్పడం మానేశారు. పెళ్ళిచూపులకు వెళ్ళిన కుర్రాడొకడు, రెండు పక్షాల వాదనా వింటున్నానన్నాడు. ట్యాబుల్లో అంకెలు చూసిన మేధావులు ఇక్కడ ఓటరు చైతన్యం తక్కువని నిర్ధారించారు. చైతన్యం పెంచడానికి మైకు కట్టిన ఆటో వచ్చింది, దాని వెనకే ఇంకో ట్యాంకర్! ఇంతకన్నా చైతన్యం ఏం కావాలి?

కానీ పోలింగు రోజు రానే వచ్చింది. మిషన్ ముందు శ్రీశైలమ్మ అట్లాగే నిలబడిపోయింది.

"నొక్కు అవ్వా, వెనక జనముండారు," అని అధికారి దూరం నుంచే కేకేశాడు.

"నొక్కితే అయిపోతది కదా నాయనా."

నొక్కింది. అయిపోయింది. తెల్లారితే ట్యాంకర్ లేదు. ఆ తర్వాతా రాలేదు.

కొన్నాళ్ళకు అల్తాఫ్ మళ్ళీ వచ్చాడు. ఓటర్లను బూత్ దాకా నడిపించేది ఏమిటో తెలుసుకునే సర్వే అట. ఎండకు నాలుక పిడచగట్టుకుపోయింది. ట్యాబ్ పక్కన పెట్టి అడిగాడు.

"అవ్వా, ముందు కాసిని నీళ్ళిస్తావా?"

శ్రీశైలమ్మ కుండ అడుగు చూసింది. ఖాళీ తొట్టిని నాకుతున్న మేకలను చూసింది. వేలి మీద ఇంకా చెరగని సిరా చూసుకుంది.

"ఇంకా తేల్చుకోలే నాయనా."