దేచవ్వ తుపాకికై జరిగిన మహాసంగ్రామం

వానరాజు నెలల తరబడి కొడగు కొండల మీద దండు విడిసి, జలగల పదాతిదళాన్ని కాఫీ తోటలకు కాపలా ఉంచి, చివరికి తానే అలసి పడమటి కనుమల వెనక్కు మళ్ళిన కాలాన. వరినాట్లు ముగిసి, కాడి దించిన ఎద్దులు నిమ్మళంగా నెమరువేసే దినాన. ఇంటింటా తుపాకులకు గంధం పూసి, అగ్నిశిఖ పువ్వు తురిమి, దీపం ముందు నిలిపి మొక్కే కైల్‌పొళ్దు పండుగ ఉదయాన. మిరియాల తీగలు పెనవేసుకున్న చెట్ల నడుమ, మంచుతెర ఇంకా లేవని ఒక పెంకుటింటి వసారాలో, నల్లని కుప్పసం తొడిగి, ఎర్రపట్టు నడికట్టు బిగించి, అందులో వెండిపిడి బాకు దోపి, యుద్ధసన్నద్ధుడై, ధీరగంభీరుడై, లోలోపల మాత్రం గజగజ వణుకుతూ కూర్చున్న వృద్ధవీరుడు నాణయ్య కథ ఇది. వినదలచినవారు కాఫీ పక్కన పెట్టనక్కరలేదు, తాగుతూనే వినవచ్చు.

ఆయన భయానికి కారణం ఏనుగు కాదు, పులీ కాదు. ఎదుట చాప మీద పడుకోబెట్టిన మూడు తుపాకులు.

మొదటిది రజతాలంకారభూషిత, జోడుగొట్టాల గర్విష్ఠి. దాని రేకు మీద పరుగెత్తే కొమ్ముల కణుజు బొమ్మ చూసి పెళ్ళివారు సైతం పెళ్ళికూతురిని మరిచిపోయేవారని ప్రతీతి. రెండవది సుదూరలక్ష్యభేదిని, నల్లని రైఫిలు. మూడవది ఒంటిగొట్టపు ముసలిది. పగిలిన మడమకు రాగితీగ చుట్టి ఉంది. చెంప ఆనించే చోట కర్ర అరిగి చిన్న గుంట పడింది. ఆ గుంట దేచవ్వది, ఆ తుపాకీ దేచవ్వదే.

దేచవ్వ నాణయ్య సహధర్మచారిణి, నారికేళసంహారిణి. ప్రతి పండుగకూ చెట్టు కొనకు కట్టిన టెంకాయను ఒక్క దెబ్బకు రాల్చి, చూసేవాళ్ళ చప్పట్లు ఆగకముందే ఇంటికి వచ్చి, ఏమీ జరగనట్టు పందికూరకు కారం నూరిన వీరనారి. ఆ మహాతల్లి వానలకు ముందు కన్నుమూసింది. మా ఆచారం చొప్పున ఆకాశంలోకి రెండు తూటాలు పేలి ఆ వార్త కొండకు చెప్పాయి. కర్మనాడు నాణయ్య బంధుజనం నడుమ లేచి, దుఃఖావేశంలో ఒక ఘోరప్రతిజ్ఞ చేశాడు: మనవడూ మనవరాలూ అవ్వ గుర్తుగా పండుగనాడు చెరొక తుపాకి ఎంచుకోవచ్చు, ఏదైనా సరే.

వయసులో ఉన్నవాళ్ళు వెండిదీ, రైఫిలూ కాక మరొకటి కోరతారని ఆయన కలలోనైనా అనుకోలేదు. ఆ తరువాత నిద్రపట్టని వేళల్లో అనుకున్నాడు. ఆయనకు కావలసింది ఒక్కటే. మూడవ తుపాకి ఇల్లు దాటకూడదు. కాని వంశం ముందు ఆడిన మాటను వెనక్కు తీసుకోవడం పేలిన తూటాను మళ్ళీ గొట్టంలోకి పిలవడం వంటిది.

అంతలో మీసం ముందుగాను, మనిషి వెనకగాను ప్రవేశించాడు మనవడు చిట్టియప్ప, సైన్యంలో మేజరు. ఆ వెంటనే వచ్చింది కూతురి కూతురు ముత్తక్కి, మైసూరు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే విదుషి. వారికి ఎదురుగా స్తంభానికి ఆనుకుని, ఎవరూ అడగకుండానే న్యాయపీఠం అలంకరించింది నాణయ్య చెల్లెలు బొళ్ళవ్వ.

నాణయ్య తన సైన్యాన్ని, అనగా తన నాలుకను, రంగంలోకి దించాడు.

"ఒరే చిట్టీ, ఈ వెండిదాన్ని చూడరా. నీ మీసానికీ దీనికీ జోడు కుదిరింది. గోడకి తగిలించావంటే మీ కల్నలు ఇంటికొచ్చి కుళ్ళుకోవాల్సిందే."

"బాగుంది తాతా," అన్నాడు మనవడు, చూపు మరెక్కడో పెట్టి.

"ముత్తూ, నీకు ఆ రైఫిలు. గురిపెడితే అవతలి కొండ మీద చీమ కన్ను పోతుంది."

"చీమ కన్ను నాకెందుకు తాతా? అదేంటి, ఆ చివరిది?"

"అదా? అది దండగమ్మా. గొట్టం వంకర, ఎడమకి పోతుంది. మడమ పగిలింది. మీ అవ్వకే విసుగు పుట్టేది. నేను ఏ అటక మీదో పడేస్తాలే."

ఇక్కడ ఒక చిన్న మాట మనవి చేయాలి. ఆ మహావృద్ధుడు చెప్పినది అక్షరాలా నిజం. తన గొట్టం ఎడమకు లాగుతుందనీ, ఆ లెక్క చూసుకుని కుడికి గురిపెడతాననీ దేచవ్వ లోకంలో ఒక్క మొగుడికే చెప్పింది. అయితే సత్యానికి కూడా ఒక్కోసారి కాలం కలిసిరాదు.

ముత్తక్కి పకపక నవ్వింది. "వంకర తుపాకితోనా అవ్వ ఏడాదేడాదీ టెంకాయ కొట్టింది? నన్ను చిన్నపిల్లని చేస్తున్నావు. నాకు అదే కావాలి."

"నేనూ అదే అందామనుకున్నాను," అన్నాడు చిట్టియప్ప.

"నువ్వు అనుకున్నావు బావా. నేను అన్నాను."

"నాకు తుపాకి పట్టుకోవడం నేర్పింది అవ్వ. ఆ గుంట చూడు. అది అవ్వ చెంప."

"ఆవిడ నాకేమన్నా పక్కింటావిడా?"

పెద్దాయన ముఖం కుప్పసం కన్నా నల్లబడింది. వెండిదాన్ని మరొకసారి ఎత్తి చూపాడు. దానిని కాకి కూడా చూడలేదు.

బొళ్ళవ్వ తమలపాకు ఈనె తీస్తూ తీర్పు చెప్పింది. "ఆపండి. మీ నోళ్ళతో తేలే యవ్వారం కాదిది. చెట్టుంది, టెంకాయుంది. ఎవరు కొడితే తుపాకి వాళ్ళది. మనిషికి ఒకటే తూటా. కొట్టడం కూడా ఆ ముసలిదాంతోనే కొట్టాలి."

అంతట ఆ చతురంగబలం ఇంటి వెనక పల్లానికి నడిచింది. ఎదుట కొండవాలు, దాని ముందు నిటారుగా ఓక్ చెట్టు, దాని కొనన, ముక్కంటియు, జటాధారియు, ముల్లోకాలనూ తృణీకరిస్తున్నదియునైన ఒక టెంకాయ.

ముందు మేజరు. కాళ్ళు ఎడం చేసి, ఊపిరి బిగబట్టి, శత్రుదేశపు కోటనే చూస్తున్నట్టు గురి చూసి మీట నొక్కాడు. దిక్కులు మారుమ్రోగాయి. కాయకు బాగా ఎడమగా ఒక ఎండుకొమ్మ విరిగి, తొందరేమీ లేకుండా నేలకు దిగింది.

"గాలి," అన్నాడు చిట్టియప్ప.

"గాలేది బావా? ఆకు కదలట్లేదు."

ముత్తక్కి వేలు తడిపి గాలిని పరీక్షించింది, కళ్ళద్దాలు తుడుచుకుంది, పెదవులు కదుపుతూ ఏవో లెక్కలు కట్టింది. బావగారి చేతివాటానికి విరుగుడుగా వెంట్రుకవాసి కుడికి జరిగి కాల్చింది. గుండు కాయకు ఎడమగా దాని పీచును పలకరించి వెళ్ళిపోయింది. కాయ కాస్త ఊగి, మళ్ళీ తపస్సులో కూర్చుంది.

"మేజరూ ఎడమకే, మేష్టరమ్మా ఎడమకే," అంది బొళ్ళవ్వ. "మీ ప్రభుత్వం ఖర్చుపెట్టి నేర్పించింది ఇదేనా?"

అప్పుడు, ఓడిన ఇద్దరు యోధులూ ఒకరి గురిని ఒకరు విమర్శించుకుంటున్న ఆ సంధిసమయాన, నాణయ్య లేచి నడికట్టు సవరించుకున్నాడు.

"నాకూ ఒక తూటా ఇవ్వండి."

"నువ్వా?"

"ఎవరు కొడితే వాళ్ళదన్నావు కదే బొళ్ళీ. నేను ఎవరిలోనూ లేనా?"

బొళ్ళవ్వ కాసేపు అన్న ముఖంలోకి చూసింది. తరువాత కొంగు బిగించి కేక వేసింది. "కుడివైపున్న వాళ్ళంతా ఇటు వచ్చేయండి. ఆ ఆవుని కూడా తోలండి. అన్నయ్య కాలుస్తున్నాడు."

ఆమె భయం నిరాధారం కాదు. మీట నొక్కే క్షణాన కళ్ళు మూసుకుని భుజం విదిలించడం నాణయ్యకు మీసం మొలిచిన నాటి అలవాటు. ఏ తుపాకి ఇచ్చినా ఆయన గుండు కుడికే పోయేది. పక్కింటి పనసకాయలు ఆయన చేతిలో వీరస్వర్గం అలంకరించాయి కాని, టెంకాయలకు మాత్రం ఆయన హయాం రామరాజ్యమే. అందుకే దేచవ్వ తన తుపాకిని ఒక్కనాడూ ఆయన చేతికి ఇవ్వలేదు.

ఆయన దానిని ఎత్తాడు. చెంపను ఆ గుంటలో ఆనించాడు. కర్రకు ఇంకా ఆమె తలనూనె వాసన ఉంది. గురి చూడడానికి అవసరమైనదాని కన్నా చాలా ఎక్కువసేపు ఆయన అలాగే ఉండిపోయాడు. మంచు కొంచెం లేచి, చెట్టు కొన మీద ఎండ పడింది. ఆయన దేవుడికి మొక్కి, టెంకాయకు సూటిగా గురిపెట్టి, యథావిధిగా కళ్ళు మూసుకుని, యథావిధిగా భుజం విదిలించి మీట నొక్కాడు.

ఫెళ్ళుమన్నది. పిడుగు పడ్డదా, కొండ విరిగిందా అని కాకులు లేచిపోయాయి. నీళ్ళు చిమ్ముతూ, చిప్పలు రెండై, జటాధారి నేల కూలాడు.

అందరి కన్నా ఆలస్యంగా కళ్ళు తెరిచింది నాణయ్యే. "ఏమైంది?" అని అడిగాడు.

ముత్తక్కి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "గొట్టం ఎడమకి లాగింది. తాత కుడికి లాగాడు," అని, ఇక ఆపుకోలేక గడ్డి మీద కూలబడి నవ్వింది.

బొళ్ళవ్వకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. "అయితే అన్నయ్యా, వదిన ఇన్నేళ్ళలో ఒక్కసారి ఇది నీ చేతికి ఇచ్చుంటే, ఏటా నువ్వే గెలిచేవాడివి కదా?"

"అందుకే ఇవ్వలేదు," అన్నాడు నాణయ్య.

చిట్టియప్ప తుపాకిలోని ఖాళీ తూటా తీసి తాత జేబులో వేశాడు. "ఇదే కావాలని పొద్దున్నే చెప్పొచ్చు కదా తాతా. ఇచ్చేసేవాళ్ళం."

"మాటిచ్చాక ఎలా అడుగుతానురా? అయినా ఇస్తే తీసుకున్నట్టుండేది. ఇప్పుడు కొట్టి తెచ్చుకున్నట్టుంది."

కావున పర్వతములారా, లోయలారా, తడిసిన కాఫీ మొక్కలారా, వినండి. వెండిది మేజరుకు దక్కింది. రైఫిలు విదుషికి దక్కింది, చీమల కళ్ళ సంగతి ఆమె చూసుకుంటుంది. యుద్ధంలో కూలినవాడు ఒక్కడే. వాడిని బొళ్ళవ్వ తురిమి పాయసంలో వేసింది. ఏ రాజ్యమూ చేతులు మారలేదు. ఒక ముసలి తుపాకి ఇంట్లో ఉన్నచోటికే తిరిగి వచ్చింది. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర, దేచవ్వ పోయిన నాటి నుంచి పెట్టింది కెలికి లేచిపోతున్న నాణయ్య, ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టకుండా తల ఎత్తి, సకల బంధుజనమూ వినగా, పందికూర మారు అడిగాడు.