పిలిస్తే పలికే పేరు

ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు కింద పెడుతూనే నిఘంటువుగారు ఆ రోజు కార్యక్రమం ప్రకటించారు. భోజనాల వేళకల్లా కుక్కకు పేరు పెట్టెయ్యాలి. నిఘంటువుగారనేది వీధి వీధంతా కలిసి ఆయనకు తగిలించిన పేరు. నిఘంటువు కార్యాలయంలో ఉపసంపాదకుడు మరి. దారినపోయేవాడు పేరు చెప్పినా దాని పుట్టుపూర్వోత్తరాలు వినిపించందే వదలరు. వానలో తడుస్తున్న ఆ ఆడకుక్కపిల్లను ఇంట్లోకి ఎత్తుకొచ్చింది భార్య. బుజ్జీ అని పిలవబోతే ఆయన మొదటిరోజే మాన్పించారు.

"బుజ్జి అనేది ముద్దోయ్, పేరు కాదు. అర్థముండాలి."

"పిలిస్తే పలకడానికి అర్థమెందుకండీ?"

ఆయన ఆ మాట చెవిన వేసుకోలేదు. బల్లనిండా పుస్తకాలు పరిచారు. "ఐరిస్. గ్రీకుల ఇంద్రధనుస్సు దేవత. మనది చూస్తే ఒకటే రంగు. మెలిస్సా, అంటే తేనెటీగ. కరిచేదానికి కుట్టేదాని పేరెందుకు? లూనా అంటే లాటిన్‌లో చందమామ, కానీ మన చంద్రుడు మగాడాయె. ఛాయ బాగుంది, నీడలా వెంటే ఉంటుంది. అయితే సూర్యుడి రెండో భార్య. వచ్చినవాళ్ళ ముందు రెండో భార్యని పిలిచినట్టుంటుంది."

చివరికి ఆయన ముఖం వెలిగింది. "సరమ. ఇంద్రుడి కుక్క. దొంగలు దాచిన ఆవుల జాడ తీసింది. సరమ అంటే పరుగెత్తేది."

కూరగాయలు తరుగుతున్న భార్య కత్తిపీట మీంచి తలెత్తి ఆ వెలుగు చూసింది. ఆమెకు కుక్క మీద ఈర్ష్య కలిగింది. ఈ వయసులో కుక్క మీద ఈర్ష్యేమిటని తనను తనే తిట్టుకుంది కూడా. కానీ పెళ్ళయినప్పటి నుంచి ఆయన నోట ఆమె 'ఏమోయ్'. కూతురికి అమ్మ, అన్నయ్యకు చెల్లి, పాలవాడికి ఇంటావిడ. పేరు పెట్టి పిలిచేది వాళ్ళమ్మ ఒక్కతే. ఆమె పోయాక ఆ పేరుకు పనే లేకుండా పోయింది. ఒక్కసారి ఎవరైనా అలా పిలిస్తే బాగుండునని ఆమెకు ఎంతో ఆశ. అడగాలంటే సిగ్గు.

"సరమా," అన్నారు నిఘంటువుగారు. కుర్చీ కింద కుక్క చెవి కూడా కదపలేదు. గొంతు తగ్గించి పిలిచారు, పెంచి పిలిచారు, దాని ముందు గొంతుక్కూర్చుని ఇంద్రుడి కథంతా చెప్పారు. అది ఆవలించింది. ఆయనకు తల ప్రాణం తోకకొచ్చింది. "దీనికి చెవుడోయ్," అని తేల్చి, అప్పటికప్పుడు ఆటో పిలిచి, కుక్కను ఎత్తుకున్న భార్యను పశువైద్యుడి దగ్గరికి బయల్దేరదీశారు.

డాక్టరు కుక్కను బల్లమీద నిలబెట్టి, దాని వెనకనుంచి తాళాల గుత్తి ఆడించాడు. కుక్క గిర్రున తిరిగింది.

"చెవులు భేషుగ్గా ఉన్నాయి. ఇంట్లో దేనికి పలుకుతుంది?"

"దేనికీ పలకదు. మా ఆవిణ్ణి అడగండి." ఆయన తలుపువైపు తిరిగారు. "ఏమోయ్, ఇలా రా."

బయట బెంచీమీద భార్య లేచేలోపే కుక్క బల్లమీంచి దూకి ఆయన గుండెలమీదికెక్కి కళ్ళజోడంతా నాకేసింది.

డాక్టరు నవ్వాడు. "దాని పేరు అదే సార్. మీ ఇంట్లో ఆ మాట వినపడగానే వంటింట్లోంచి ఏదో ఒకటి వస్తూ ఉంటుంది. అది పట్టేసింది."

ఎలాగూ వచ్చారు కనక టీకా కూడా వేయించుకు వెళ్ళమన్నాడు. కౌంటర్ దగ్గరి అమ్మాయి కుక్క పేరుగా ఆ మాటే చీటీలో రాసుకుంది. టీకా వంతు రాగానే హాల్లోకి తొంగిచూసి, "ఏమోయ్," అని కేకేసింది.

ముగ్గురు ఆడవాళ్ళు లేచారు. ఒళ్ళో పిల్లిని పెట్టుకున్నావిడ, చిలక పంజరం పట్టుకున్నావిడ, ఈవిడ. ఒకరినొకరు చూసుకున్నారు. నవ్వబోయి, నవ్వు రాక కూర్చున్నారు.

టీకా అయ్యాక ఆ అమ్మాయి నిఘంటువుగారిని అడిగింది. "కుక్కని తెచ్చింది మీ ఆవిడేగా సార్. ఆవిడ పేరు చెప్పండి, రాసుకుంటాను."

ఆయన నోరు తెరిచారు. "వెన్నెల," అన్నారు.

"వెన్నెల గారా?"

"కాదమ్మా, అది అర్థం. పేరు దానికి పర్యాయపదం. చంద్రిక... కాదు. కౌముది... ఉహూఁ. జ్యోత్స్న..."

గుమ్మంలో నిలబడి భార్య వింటోంది. ఒక్కో పేరుకూ ఆమె గుండె లేచి పడుతోంది. తరవాతిది తనదే అవుతుందేమో. ఎన్నాళ్ళ తరవాతో ఆయన ఆమె పేరుకు పక్కింటిదాకా వచ్చారు. తలుపు తట్టకుండానే వెనక్కి తిరిగారు.

"ఏమోయ్, చెప్పవేం?" అన్నారు విసుగ్గా. కుక్క మళ్ళీ ఆయన మీదికి దూకింది.

"అవేవీ కావమ్మా," అందామె ఆ అమ్మాయితో. "ఆయన పేరే రాసుకో. అది నాకు గుర్తుంది." ఇంటిపేరుతో సహా చెప్పింది.

ఆటోలో ఆయన ఊరుకోలేదు. "నువ్వు మాత్రం నన్ను ఏమండీ అనట్లేదా?"

"అంటున్నాను. మర్చిపోయి కాదు."

ఇల్లు చేరాక ఆమె గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుంది. తన పేరు తనే మెల్లగా పలికి చూసుకుంది. ఎవరిదో పేరులా వినిపించింది. ఏడుపొచ్చింది.

హాల్లో నిఘంటువుగారు కుర్చీలో వాలి, ఎప్పటిలాగే కేకేశారు.

"ఏమోయ్, మంచినీళ్ళు."

ఆమె లేవలేదు. ఆయన ఇంకోసారి పిలిచారు.

కుక్క వచ్చింది. మంచినీళ్ళు రాలేదు.