వదిన బరువు ఎవరు దొంగిలించారు?

"ఈ ఊళ్ళో నేరమనేది ఇంకా బతికుందంటే, అది నా కంటపడకపోవడం వల్లే వదినా," అని ప్రకటించాడు మరిది, కాజాలు కుడుతున్న చొక్కా పక్కన పడేసి.

వదిన చంటిదాన్ని భుజాన వేసుకుని, తన గౌను నడుము దగ్గర లాగి చూసుకుంటోంది. గుప్పెడు గుడ్డ చేతికొచ్చింది. టైలరింటి ఆడదానికి తూకం మిషనుతో పనేముంది? గౌను వదులైతే సన్నబడ్డట్టు, బిగుతైతే లావెక్కినట్టు.

"మాత్రలు బాగా పనిచేస్తున్నాయి. కాన్పుకి పెరిగిన ఒళ్ళంతా కరిగిపోతోంది. రేపట్నుంచి రెండేసి వేసుకుంటా. తిండి ఎలాగూ తగ్గించేశాను."

కుట్టుమిషను మీద భర్త కాలు ఆగింది. "సన్నబడ్డావుగా, ఇంక మానెయ్యరాదూ?" అన్నాడు నేలచూపులు చూస్తూ.

"ఫలితం కనిపిస్తుంటే ఎవరన్నా మానేస్తారా?" అంది గానీ, చంటిది ఆకలికి గుక్కపట్టేసరికి వదిన దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. రెండు రోజులుగా దానికి పాలు చాలడం లేదు. ఎందుకో ఎంత ఆలోచించినా అంతుబట్టడం లేదు.

మరిది కళ్ళు మాత్రం మెరిశాయి. "కరిగిన ఒళ్ళు ఎక్కడికి పోయింది వదినా? లోకంలో ఏదీ ఊరికే మాయం కాదు. ఎవరో పట్టుకుపోయారు."

"బరువుని ఎవరు పట్టుకుపోతారయ్యా?"

"లావెక్కినవాడు."

టేపు మెడలో వేసుకుని వేట మొదలెట్టాడు. ప్యాంటు కోసం వచ్చిన మాస్టారిని గుమ్మంలోనే నిలదీశాడు.

"ఈ పొట్ట మీ సొంతమేనా?"

"మా నాన్నగారి నుంచి వచ్చింది నాయనా."

"అంటే చేతులు మారిందన్నమాట." మరిది తల పంకించాడు. "ఊరు దాటి వెళ్ళకండి."

ఇక మిగిలింది మారువేషం. దొంగ వదిన కోసం మళ్ళీ వస్తాడు కాబట్టి, వదిన స్థానంలో తానుండాలి. మనిషి చూస్తే ధాన్యం బస్తా. అయినా తలుపు వెనకాల వేలాడుతున్న వదిన గౌను తొడుక్కుని, ఇట్టే బయటికొచ్చాడు.

"వదినా, కొత్త మలుపు. పొద్దున మీ మాత్రల డబ్బా వాసన చూశాను. వాసనకే ఎంత చిక్కిపోయానో చూడండి, మీ గౌను నాకు పట్టేసింది."

వదిన చూసింది. తనలాంటివాళ్ళని ఇద్దర్ని కలిపితే ఒక మరిది. దగ్గరికొచ్చి, గౌను పక్క కుట్టు తిరగేసింది. పాత కుట్టు విప్పిన సూది గుర్తులు వరసగా ఉన్నాయి. లోపల దాచి వదిలిన గుడ్డంతా బయటికొచ్చి, అంచున కొత్త దారం పడింది.

"ఏవండీ, ఇది మీ చేతి కుట్టు కాదూ?"

భర్త మిషను దగ్గర్నుంచి లేచాడు. "సన్నబడ్డాననుకుంటే ఆ మాత్రలు మానేస్తావనుకున్నానే. పాలిచ్చే మనిషివి, కడుపు మాడ్చుకుంటున్నావు. గౌన్లన్నీ వదులు చేశాను. నువ్వేమో రెండేసి అంటావు."

"అయితే నేను తగ్గనేలేదా?"

"మొన్న ఎంతున్నావో ఇవాళా అంతే."

వదినకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మాత్రలన్నీ చెత్తబుట్టలో వొంపి, చంటిదాన్ని భర్త చేతిలో పెట్టింది. "దీన్ని కాసేపు ఆడించండి. ముందు నేను తినాలి."

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అన్నాడు మరిది గౌను సవరించుకుంటూ. "ఆయన చెయ్యలేని పని ఇవాళ నేను చేశాను. మాస్టారి సంగతి మాత్రం ఇంకా తేలలేదు."

"ముందా గిన్నె మీది మూకుడు తియ్యి బాబూ," అంది వదిన, నోటినిండా ముద్దతో. "ఆ కూర ఇటు జరుపు."