రగ్బీ తెలియనివాడి రగ్బీ సంస్కరణ

ఆట తెలియనివాళ్ళే ఆటను బాగుచేయాలి! ఈ మాట గుండె మీద చెయ్యి వేసుకుని అంటున్నాను. ఎందుకంటే ప్రస్తుతం ప్రపంచ స్థాయిలో రగ్బీని బాగుచేస్తున్న పదిహేడు మందిలో నేనొకణ్ణి. నాకు రగ్బీ తెలియదు.

నవ్వకండి. ఇది వినయం కాదు, అర్హత.

నా పేరు కేశవరావు. సొంతూరు గుడివాడ. ఇరవై నాలుగేళ్ళుగా అడిలైడ్‌లో, మాసన్ లేక్స్‌లో కాపురం. వృత్తి మంచినీటి పైపుల ఇంజనీరింగ్. ప్రవృత్తి నియమావళులు రాయడం. ఇక్కడి మన తెలుగు సంఘానికి నూట పన్నెండు పేజీల నియమావళి రాసింది నేనే. అది రాశాక సంఘంలో గొడవలన్నీ ఆగిపోయాయి. చదవడం ఇంకా ఎవరికీ పూర్తికాలేదు మరి.

ఇక అసలు విషయం. అంతర్జాతీయ రగ్బీ మహామండలి అని ఒకటుంది. మీరు వినకపోతే కంగారుపడకండి, నిరుడు దాకా నేనూ వినలేదు. అందులో పెద్ద సంక్షోభం వచ్చిపడింది. తలకు దెబ్బల మీద దెబ్బలు తగిలి, కన్నపిల్లల పేర్లు కూడా మర్చిపోతున్న పాత ఆటగాళ్ళు కోర్టుకెక్కారు. ఆరు పాత దేశాలకు తలా మూడు ఓట్లూ, మూడు పసిఫిక్ దీవులకు కలిపి ఒకే ఓటూ ఏమిటని చిన్న దేశాలు వాకౌట్ చేశాయి. ఆ ఒక్క ఓటునూ దీవులు ఏడాదికొకరు చొప్పున వంతులవారీగా వేసుకోవాలట. ఎవరి వంతు వచ్చినా ఆ ఏడాది ఓటింగే ఉండదట!

చైర్మన్‌గారు బాధ్యత వహించి రాజీనామా చేశారు. కొత్త చైర్మన్ దొరికేదాకా తాత్కాలిక చైర్మన్ కావాలి కదా? అనుభవం ఉన్న మనిషి ఎవరా అని వెతికితే, ఇటీవలే రాజీనామా చేసిన ఒక పెద్దమనిషి ఖాళీగా దొరికారు. ఆయన్నే పెట్టారు. ఇంతకన్నా సాఫీగా అధికార మార్పిడి మీరెక్కడైనా చూశారా?

ఆ తాత్కాలిక చైర్మన్‌గారు వెంటనే ఒక సంస్కరణల కమిటీ వేశారు. సభ్యులందరూ ఇండిపెండెంట్‌గా ఉండాలన్నారు. ఇండిపెండెంట్ అంటే రగ్బీతో ఏ సంబంధమూ లేనివాళ్ళు. మా అడిలైడ్‌లో అలాంటివాళ్ళకు కొదవా? ఇక్కడ జనం ప్రాణం పెట్టేది ఫుటీకి, అంటే ఆస్ట్రేలియా వాళ్ళ సొంత ఫుట్‌బాల్‌కి. రగ్బీ అంటే అదేదో సిడ్నీ వాళ్ళ జబ్బనుకుంటారు.

ప్రకటన చూసి నాకు పంపింది వెంకీ. ఇక్కడి టెక్నాలజీ పార్క్‌లో పనిచేసే కుర్రాడు, సంఘానికి సెక్రటరీ.

“అంకుల్, మీకు రగ్బీ గురించి ఏం తెల్సు?” అనడిగాడు.

“బంతి కోడిగుడ్డులా ఉంటుందని తెలుసు.”

“అది ఫామ్‌లో రాయకండి అంకుల్. దెన్ యూ ఆర్ పర్‌ఫెక్ట్.”

రాయలేదు. ఎంపికయ్యాను. నాతోపాటు ఎవరెవరున్నారనుకున్నారు? జలాంతర్గామి నడిపి రిటైరైన కెప్టెన్ ఒకరు. సంగీత నాటకశాల నడిపిన అమ్మగారు. చీజ్ ఎగుమతి చేసే వ్యాపారి. ఇలా మొత్తం పద్దెనిమిది మంది. వీళ్ళలో ఒకాయన ముప్ఫై ఏళ్ళు రగ్బీ ఆడాడని మొదటి మీటింగ్‌లోనే బయటపడింది! ముప్ఫై ఏళ్ళు! అంతకన్నా పెద్ద స్వప్రయోజనం ఏముంటుంది? ఆయనకు శాలువాలాంటిదేదో కప్పి, సగౌరవంగా బయటికి పంపించాం. అలా పదిహేడుగురం మిగిలాం.

మేం ఖాళీగా కూర్చున్నామనుకోవద్దు. మేం చేస్తున్నది సంస్కరణా, పునర్నిర్మాణమా అన్నది తేల్చడానికి నాలుగు నెలలు పట్టింది. పారదర్శకత మీద ఒక ఉపసంఘం వేశాం. దాని నివేదిక రహస్యంగా ఉంచాం. కన్సల్టెంట్ల చేత మూడు వందల పేజీల రిపోర్టు రాయించాం. దాని అట్ట మీద బంతి పట్టుకుని పరిగెత్తే పిల్లల ఫొటో ఉంది. లోపల మళ్ళీ ఎక్కడా బంతి గాని, పిల్లలు గాని కనబడలేదు. తొందరపడి నిర్ణయాలు తీసుకుంటే సంస్థ ఏమైపోవాలి?

ఈ పద్ధతిని ఎగతాళి చేసేవాళ్ళున్నారు. వాళ్ళకు నేనొకటే చెబుతాను. నాయకత్వం అంటే పని చెయ్యడం కాదు. పని ఎవరు చెయ్యాలో తేలేదాకా ఎవరినీ చెయ్యనివ్వకపోవడం!

నాలో ఒక లోపముందని ఇక్కడ ఒప్పుకోవాలి. దాని పేరు లాస్య. మా అమ్మాయి. పదహారేళ్ళు. ఇయర్ లెవెన్ చదువుతోంది. స్నేహితురాలెవరో లాక్కెళితే పోయినేడు మా పేటకు దగ్గర్లోని క్లబ్‌లో చేరి అమ్మాయిల జట్టులో రగ్బీ ఆడుతోంది. ఈ సంగతి నేను దాచలేదు. స్వప్రయోజనాల పత్రంలో పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. సెక్రటేరియట్ వాళ్ళు మెచ్చుకుని రెండు షరతులు పెట్టారు. ఒకటి, నేను ఏ మ్యాచ్‌కీ ప్రేక్షకుడిగా వెళ్ళకూడదు. రెండు, లాస్యకు సంబంధించిన అంశం వస్తే ఓటు వెయ్యకుండా బయటికి వెళ్ళిపోవాలి.

మహా గర్వంగా ఒప్పుకున్నాను. శనివారాలు లాస్యను గ్రౌండ్ దగ్గర దింపి, కార్ పార్క్‌లో కార్లోనే కూర్చుని అజెండా చదువుకునేవాణ్ణి. మా ఆవిడ జయశ్రీ మాత్రం నారింజ ముక్కల డబ్బా, పెరుగన్నం డబ్బా పట్టుకుని లోపలికి వెళ్ళేది.

“ఏవండీ, అందరి నాన్నలూ అక్కడ నుంచుని అరుస్తున్నారు. మీరేంటండీ, దొంగలాగా కార్లో?” అనేది.

“ప్రపంచం కోసం జయా” అనేవాణ్ణి.

పదమూడో నెలలో పద్నాలుగో అంశం వచ్చింది. చాలా చిన్నది, నాలుగు లైన్లు. పేటల్లో జరిగే క్లబ్ మ్యాచుల్లో ఎవరి తలకైనా దెబ్బ తగిలితే, ఆడించాలా, బయటికి పంపాలా అన్నది జట్టుతో సంబంధం లేని ఒక మనిషి నిర్ణయించాలి. అంతవరకు కోచ్‌లే నిర్ణయిస్తున్నారు. నిజం చెప్పొద్దూ, ఆ ఏడాదంతా వచ్చిన అంశాల్లో నాకు పూర్తిగా అర్థమైంది అదొక్కటే. రెండుసార్లు చదివాను. కింద గీత కూడా గీశాను.

గీత గీశానంటేనే ఇష్టం ఉన్నట్టు కదా? ఇష్టం ఉంటే ఇండిపెండెంట్ ఎలా అవుతాను? మీటింగ్ ఆన్‌లైన్‌లో, సాయంత్రం ఐదింటికి. నేనే చెయ్యెత్తి, “నా కూతురు ఆడుతుంది కాబట్టి నేను తప్పుకుంటున్నాను” అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. జలాంతర్గామి కెప్టెన్‌గారైతే సెల్యూట్ చేశారు. సెక్రటరీ ఒక మీట నొక్కి నన్ను వెయిటింగ్ రూమ్‌లోకి పంపింది. తెర మీద ‘దయచేసి వేచి ఉండండి’ అన్న అక్షరాలు తప్ప ఏమీ లేవు. ఆరు నిమిషాలు అవే చదువుతూ కూర్చున్నాను. నా నిజాయితీకి నాకే కళ్ళు చెమర్చాయి.

మళ్ళీ లోపలికి రానిచ్చాక తెలిసింది. అనుకూలంగా ఎనిమిది, వ్యతిరేకంగా ఎనిమిది.

సమానమైతే ఏం చెయ్యాలి? దానికో క్లాజుంది. ఓట్లు సరిసమానమైతే పాత పద్ధతే కొనసాగాలి. ఆ క్లాజు రాసింది ఎవరనుకున్నారు? నేనే! మన తెలుగు సంఘం నియమావళిలోంచి తెచ్చి పెట్టాను. ఉగాది భోజనాల్లో పులిహోరా, బిర్యానీయా అన్న తగువు తీర్చడానికి రాసిన క్లాజది. అప్పుడు పులిహోరను కాపాడింది. ఇప్పుడు కోచ్‌లను కాపాడింది.

ఆ తర్వాత మూడో వారం, శనివారం. నేను కార్ పార్క్‌లో పదిహేనో అంశం చదువుతున్నాను. నడుం పట్టేసి కారు దిగి, కంచె దగ్గర నుంచున్నాను. ప్రేక్షకుడిగా కాదు, నడుం నొప్పి ఉన్న మనిషిగా.

లాస్య ఎవరినో పట్టుకోబోయి కింద పడింది. ఆ పిల్ల మోకాలు మా పిల్ల తలకు తగిలింది. ఆ చప్పుడు నాకు కంచె దాకా వినిపించింది. లాస్య లేచింది. నాలుగడుగులు నడిచింది. వెళ్ళి పచ్చ చొక్కాల వరసలో నుంచుంది.

మా క్లబ్‌ది ఎర్ర చొక్కా.

రగ్బీ తెలియని నాకే అర్థమైంది. కోచ్ డేవ్ చెడ్డవాడు కాడు. వారమంతా ప్లంబింగ్ పని చేసుకుని, శనివారాలు ఉచితంగా ఈ పిల్లలకు ఆట నేర్పుతాడు. ఆరోజు ఇద్దరు పిల్లలు రాలేదు, మార్చడానికి మనిషి లేదు, ఇంకా పదకొండు నిమిషాలుంది, మూడు పాయింట్ల ఆధిక్యం ఉంది. “యూ రైట్, లాస్యా?” అంటే బాగానే ఉన్నావా అని కేకేశాడు. పిల్ల పచ్చ చొక్కాల మధ్యనుంచే, “యా, ఐ యామ్ రైట్” అంది. నిర్ణయాధికారి నిర్ణయం తీసుకున్నాడు. ఆట మొదలైంది.

నేనేం చేశానో చెబుతాను, వినండి. ఫోన్ తీసి నియమావళి తెరిచాను. తండ్రి హోదాలో కంచె దాటవచ్చా లేదా అన్నది ఆరో సెక్షన్‌లో ఉంటుంది. ఆరో సెక్షన్ దొరికేసరికి జయశ్రీ సగం గ్రౌండ్ దాటింది.

చుడీదార్ మీద చలికోటు, భుజాన హ్యాండ్‌బ్యాగ్, చేతిలో నారింజల డబ్బా. ఎవరో ఈల వేశారు. ఆట ఆగింది.

“లవ్, యూ కాంట్ కమ్ ఆన్ ది ఫీల్డ్!” అని డేవ్ పరిగెత్తుకొచ్చాడు.

“డేవ్, షి ఈజ్ స్టాండింగ్ విత్ ది అదర్ టీమ్. కనపట్టల్లేదా నీకు?”

“షి సెడ్ షి ఈజ్ రైట్, జయా.”

“దాన్నడిగితే ఏం తెలుస్తది? హూ డిసైడ్స్?”

“వెల్... ఐ డూ, ఐ సపోజ్.”

“నాట్ టుడే” అని జయశ్రీ పిల్ల చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చేసింది. ఎవరి అనుమతీ లేదు. ఉపసంఘం లేదు. నివేదిక లేదు. అరాచకం!

ఆస్పత్రికి వెళ్ళే దారిలో లాస్య నన్నడిగింది, “డాడ్, డిడ్ వి విన్?” తెలియదమ్మా అన్నాను. రెండు సిగ్నళ్ళు దాటాక మళ్ళీ అడిగింది. అదే మాట, అదే గొంతు. నాలుగోసారి అడిగినప్పుడు, గెలిచాం తల్లీ అన్నాను. అంత భయం నా జన్మలో ఎరగను.

డాక్టరమ్మ చూసి, మెదడు అదిరిందనీ, మూడు వారాలు ఫోన్, టీవీ, చదువు, ఆట ఏవీ వద్దనీ చెప్పింది. కోలుకుంటుందంది. “ఆ పదకొండు నిమిషాల్లో ఇంకో దెబ్బ తగలకపోవడం మీ అదృష్టం” అని కూడా అంది. అదృష్టం పేరు జయశ్రీ అని నేను ఆమెకు చెప్పలేదు.

అన్నట్టు, మహామండలి నిద్రపోతోందనేవాళ్ళు ఇది వినాలి! పచ్చ చొక్కాల క్లబ్ వాళ్ళు ఫిర్యాదు చేశారు. అధికారం లేని స్త్రీ ఒకరు డబ్బాతో గ్రౌండ్‌లోకి చొరబడిందని. ఆ కాగితం పేట నుంచి నగరానికి, నగరం నుంచి రాష్ట్రానికి, అక్కణ్ణుంచి మహామండలికి ఆరు రోజుల్లో చేరింది! పాత ఆటగాళ్ళ ఉత్తరాలకు పదకొండేళ్ళు పట్టింది. సంస్కరణ పనిచెయ్యడం లేదని ఎవరన్నారు?

వెంటనే అత్యవసర అంశం తయారైంది. ఆట జరుగుతుండగా అధికారం లేని వ్యక్తి గ్రౌండ్‌లోకి దిగితే ఆ వ్యక్తి జట్టు ఓడినట్టే. వ్యతిరేకించినవాళ్ళు ఒక్కరూ లేరు. పద్నాలుగు నెలల్లో మా కమిటీ చెయ్యబోతున్న మొట్టమొదటి సంస్కరణ ఇదే. గురువారం ఓటింగ్.

లాస్య ఇప్పుడు తెరలు వేసిన గదిలో పడుకుని ఉంటోంది. ఫోన్ లేదు కాబట్టి చాన్నాళ్ళకు నాతో మాట్లాడుతోంది. నిన్న ఆరెంజ్ జ్యూస్ తీసుకెళితే, తలకు దెబ్బ తగిలితే చూడ్డానికి వేరే మనిషి ఎందుకుండరని అడిగింది. ఎనిమిది, ఎనిమిది కథంతా చెప్పాను.

“వేర్ వర్ యూ, డాడ్?”

“వెయిటింగ్ రూమ్‌లో.”

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

పైన కమిటీలో పదిహేడు మందిమీ ఇండిపెండెంటే. కింద గ్రౌండ్‌లో ఇండిపెండెంట్ మనిషి ఒక్కడు కావాలంటే మాత్రం దొరకడు. ఈ చిన్న లెక్క అర్థం కావడానికి, నూట పన్నెండు పేజీలు రాసిన ఇంజనీరుకు పద్నాలుగు నెలలు పట్టింది.

ఈ ఉదయం సెక్రటేరియట్ నుంచి పత్రం వచ్చింది. ఈ అంశంలో మీకు స్వప్రయోజనం ఏమైనా ఉందా? ఉంది అని రాశాను. ఓటింగ్ సమయంలో బయటికి వెళతారా? వెళ్ళను అని రాశాను. పద్నాలుగో అంశాన్ని మళ్ళీ ఓటుకు పెట్టాలని కూడా కింద చేర్చాను. ఇదంతా వెంకీకి ఫోన్‌లో చదివి వినిపిస్తే, “అంకుల్, దే విల్ కిక్ యూ ఔట్. మీరు ఒప్పుకున్న రూల్ ప్రకారమే తీసేస్తారు” అన్నాడు.

తీసెయ్యమనండి. నా స్థానంలోకి ఒక పేరు కూడా నేనే సూచించాను. జయశ్రీ, గృహిణి, మాసన్ లేక్స్. రగ్బీ గురించి ఆవిడకు ఏమీ తెలియదు కాబట్టి అర్హతలన్నీ ఉన్నాయి. ఒకటే లోపం. ఆవిడ వెయిటింగ్ రూమ్‌లో కూర్చోదు.