పెళ్ళికూతురికి అందని కాఫీ

ఆ రోజు ఉదయం సూర్యప్రకాశం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. భార్య మాణిక్యాంబ ద్రాక్షారామంలో అభిషేకం చేయించుకుని పదకొండింటికల్లా రావులపాలెం వచ్చేస్తుంది. ఆమె ఇంట్లో అడుగు పెట్టగానే నురగ తేలే ఎస్‌ప్రెసో కాఫీ గ్లాసు చేతిలో పెట్టాలి. అంతే. ఇందుకోసం కాలేజీలో ఫిజిక్స్ ప్రాక్టికల్స్ ఉన్నాయని భార్యతో ఒక అబద్ధం, జ్వరమని ప్రిన్సిపాల్‌తో మరో అబద్ధం ఆడాడు.

సరిగ్గా ముప్పై ఏళ్ళ క్రితం ఇదే రోజున వాళ్ళ పెళ్ళయింది. పందిట్లో ఓ మూల కాఫీ మిషను బుస్సుబుస్సుమంటుంటే ఊరంతా గ్లాసులు పట్టుకుని తిరిగింది. తలంబ్రాలయ్యాక పెళ్ళికూతురు తల వంచుకునే, "ఏవండీ, నాకో కాఫీ తెప్పిస్తారా?" అని అడిగింది. మొగుణ్ణి ఆమె కోరిన మొట్టమొదటి కోరిక అది. తనే తెస్తానని లేచిన పెళ్ళికొడుకును బావమరుదులు ఫొటోలకు లాక్కుపోయారు. తిరిగొచ్చేసరికి మిషను వ్యాను ఎక్కేసింది.

అప్పట్నుంచి ఏ పెళ్ళికి వెళ్ళినా, ఆ మిషను కంటబడగానే మాణిక్యాంబ పక్కనున్నవాళ్ళతో, "మా ఆయన నాకు కాఫీ తేవడానికి వెళ్ళారండీ. ఇంకా రాలేదు" అంటుంది. అందరూ నవ్వుతారు. సూర్యప్రకాశమూ నవ్వుతాడు గానీ లోపల ఎక్కడో చివుక్కుమంటుంది.

రెండు నెలల క్రితం వంటల కాంట్రాక్టరు గంగరాజు పని మానేస్తూ పాత సామాను బయట పడేస్తుంటే, అందులో తుప్పు పట్టిన మిషనొకటి కనబడింది. సూర్యప్రకాశం దాన్ని అడిగి తెచ్చుకుని, "ల్యాబు సామాను" అని భార్యకు చెప్పి, పెరటి షెడ్డులో దుప్పటి కప్పి పెట్టాడు. ఆమె లేనప్పుడల్లా బాయిలరులో పేరుకున్న గారను నిమ్మఉప్పు నీళ్ళతో మరగబెట్టి వదిలించాడు. ఇత్తడిని చింతపండుతో తోమాడు. వాషర్లు మార్చాడు. సేఫ్టీ వాల్వును మాత్రం రాజమండ్రి పట్టుకెళ్ళి మెకానిక్‌కు చూపించాడు. ఆవిరి ఏం చెయ్యగలదో పిల్లలకు పాఠం చెప్పినవాడికి ఆ మాత్రం భయం ఉంటుంది.

తొమ్మిదింటికి గ్యాసు వెలిగించాడు. ఆవిరి తయారయ్యాక స్టీము పైపును పాలజగ్గులో ముంచి మర తిప్పాడు. బుస్సుమని వీధి చివరిదాకా వినబడింది. ఇన్ని ఆలోచించినవాడు ఆ ఒక్కటే ఆలోచించలేదు. మన వైపు ఆ చప్పుడు ఏ ఇంట్లోంచి వస్తే ఆ ఇంట్లో శుభకార్యం ఉన్నట్టే లెక్క.

పక్కింటి పాపాయమ్మ గోడ మీంచి తొంగి చూసింది. "అన్నయ్యగారూ! మన శృతికి సంబంధం కుదిరిందాండీ? గోడవతలున్నాం, ఒక్క మాట చెప్పకూడదా?"

శృతి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం.

"అబ్బే, అలాంటిదేం లేదండీ. ఊరికే ట్రయల్ చూస్తున్నాను."

"ట్రయలా! అయితే అసలు ఫంక్షన్ సాయంత్రమాండీ?"

"అయ్యో కాదండీ. మీరు మా ఆవిడకి మాత్రం చెప్పకండి, దణ్ణం పెడతాను."

ఆ ముక్క అనకుండా ఉండవలసింది. కన్నతల్లికి తెలియకుండా నిశ్చితార్థమా! పాపాయమ్మ గోడ దగ్గర మాయమై, మరో నలుగురిని వెంటబెట్టుకుని వీధిగుమ్మంలో ప్రత్యక్షమైంది. గుమ్మం ఎక్కినవాళ్ళను కాఫీ ఇవ్వకుండా పంపడం సూర్యప్రకాశం ఇంటా వంటా లేదు. తలో గ్లాసూ ఇచ్చాడు.

"నురగ బ్రహ్మాండంగా వచ్చిందండీ. అబ్బాయి ఏం చేస్తాడు?" అంది పాపాయమ్మ.

"ఏ అబ్బాయండీ?"

"పోనీలెండి, ఇప్పుడే బయటపెట్టకూడదేమో" అని ఆవిడ అర్థమైనట్టు తలాడించింది.

అరగంటలో అరటితోటల అచ్చిబాబు ట్రాక్టరు వేసుకుని దిగాడు. "ఏంటి మాస్టారూ, మా తోట ఉండగా గుమ్మం బోసిగా ఉంచుతారేంటండీ?" అంటూ, వద్దు వద్దంటున్నా గెలలతో సహా రెండు అరటిచెట్లు గేటుకు చెరోవైపు కట్టేశాడు. ఇక దారిన పోయేవాళ్ళూ ఆగి పలకరించడం మొదలుపెట్టారు. ఎవరో కుర్చీలు తెచ్చి వేశారు.

ఇంతలో శృతి ఫోను. "నాన్నా, నాకు ఎంగేజ్‌మెంటటగా! వాట్సాప్‌లో కంగ్రాట్స్ వస్తున్నాయి. నేను లీవు పెట్టాలా?"

"నువ్వక్కర్లేదమ్మా" అన్నాడు సూర్యప్రకాశం జగ్గును స్టీము పైపు కింద పెడుతూ.

"నా ఎంగేజ్‌మెంటుకి నేనక్కర్లేదా?"

"కాఫీ అమ్మా! కాఫీ మాత్రమే!" అని అరిచాడు గానీ, మిషను బుస్సులో అది ఆ పిల్లకు వినబడలేదు.

పదకొండింటికి గేటు ముందు ఆటో ఆగింది. మాణిక్యాంబ ప్రసాదం సంచీతో దిగి అరటిచెట్లనూ, కుర్చీల్లో జనాన్నీ, కాలేజీలో ఉండవలసిన మొగుణ్ణీ వరసగా చూసింది. పాపాయమ్మ ఎదురెళ్ళి ఆమె చేయి పట్టుకుంది.

"గుండె దిటవు చేసుకోండి వదినగారూ. అన్నయ్యగారు తొందరపడ్డారు గానీ, అబ్బాయి మాత్రం బంగారమేనట."

"ఏ అబ్బాయి?"

అందరూ సూర్యప్రకాశం వైపు తిరిగారు. భుజాన పాలమరకల తువ్వాలు, చొక్కా నిండా కాఫీపొడి. "అబ్బాయీ లేడు, ఎవరూ లేరు మాణిక్యం. ఆ రోజు నీకు కాఫీ తెస్తానని వెళ్ళాను కదా..." అతను జగ్గు అందుకున్నాడు. "ఇదిగో, తెచ్చాను."

తెచ్చానన్నాడే గానీ జగ్గు వంచితే చుక్క రాలేదు. చివరి గ్లాసు అచ్చిబాబు చేతిలో ఉంది, అదీ అడుగంటింది. ముప్పై ఏళ్ళ తరవాత కూడా ఊరంతా తాగింది, పెళ్ళికూతురికి అందలేదు. అచ్చిబాబు సిగ్గుపడి గ్లాసు కుర్చీ కింద పెట్టేశాడు. పాపాయమ్మ మాత్రం, "ఉండండుండండి" అంటూ పరుగున వెళ్ళి, తోడు పెట్టబోతున్న పాలగిన్నె పట్టుకొచ్చింది.

మిషను మళ్ళీ బుస్సుమంది. సూర్యప్రకాశం నురగ మీద చిటికెడు కాఫీపొడి చల్లి, గ్లాసును రెండు చేతులా పట్టుకెళ్ళి అందించాడు. మాణిక్యాంబ అరటిచెట్ల మధ్య నిలబడే ఒక గుక్క తాగింది. ఆమె కళ్ళు తడిశాయి.

"ఒక నిజం చెప్పనా? ఆ రోజు నేను కాఫీ తాగానండీ. మీరెంతకీ రాకపోతే మీ అమ్మగారు కొంగుచాటున తెచ్చిచ్చారు. అరుంధతిని చూడకుండా కొత్తకోడలికి కాఫీ ఏంటని పెద్దవాళ్ళు సాధిస్తారని, ఎవరికీ చెప్పొద్దన్నారు. ఆవిడ పోయినా ఆ మాట దాటలేదు నేను."

"మరి ముప్పై ఏళ్ళూ నన్నెందుకు దెప్పావు?"

"నేనడిగింది మిమ్మల్ని కదండీ."

తల్లి గుర్తొచ్చి సూర్యప్రకాశం తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తరవాత ఆశ చంపుకోలేక, "ఎలా ఉంది?" అని అడిగాడు.

మాణిక్యాంబ ఇంకో గుక్క తాగి, నాలుక చప్పరించింది.

"అత్తయ్యగారు పంచదార సరిగ్గా వేశారు" అంది.