హమ్మాది అసలు వయసు

ఆ రోజు పొద్దున హమ్మాది మూడు పనులు పెట్టుకున్నాడు. ఒకటి, మీసానికి రంగు వేసుకోవడం. రెండు, పదింటికి పార్టీ ఆఫీసులో ఫర్జానీని నలుగురి ముందూ ముసలివాణ్ణి చేయడం. మూడు, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి చేపల కుస్కుస్ తినడం. మొదటి పని ఏడున్నరకే పూర్తయింది. రంగు కాస్త పై పెదవికి కూడా అంటుకుంది గానీ, ఇరవై మూడేళ్ళుగా సీదీ ఫర్హాత్ ఊరికి మేయరుగా ఉన్న మనిషి పెదవి వంక తేరిపార చూసే ధైర్యం ఎవరికుంటుంది?

రెండో పని ఇంకా తేలిక. వచ్చే ఎన్నికల్లో డెబ్బై దాటినవాళ్ళకు మేయరు టికెట్ ఇవ్వకూడదని పార్టీ పట్టణ కమిటీ చేత తీర్మానం చేయించాలి. రేవు దగ్గర కాఫీ హోటల్ నడిపే ఫర్జానీ ఈసారి ఆ టికెట్ తనకే కావాలని పట్టుబట్టి కూర్చున్నాడు. కాగితాల ప్రకారం ఫర్జానీకి డెబ్బై ఒకటి. హమ్మాదికి అరవై తొమ్మిది.

కాగితాల ప్రకారం అన్న మాట ఊరికే అనలేదు. ఫర్జానీకి నిజానికి యాభై ఆరే. చాలా ఏళ్ళ క్రితం పుట్టి నెల తిరక్కుండానే పోయిన అన్న ఒకడుండేవాడు. ఆ అన్న పేరునూ జనన పత్రాన్నీ వాళ్ళ నాన్న ఇతనికి తగిలించాడు. మళ్ళీ రిజిస్ట్రారు ఆఫీసు దాకా ఎవరు పోతారు అనుకున్నాడు. ఆ రోజుల్లో అది మామూలే. హమ్మాది కథ దీనికి తలకిందులు. పదమూడేళ్ళ దాకా గొర్రెల వెంట తిరిగిన కొడుకును బడిలో వేయాలని వాళ్ళ నాన్నకు ఉన్నట్టుండి బుద్ధి పుట్టింది. బడిలో ఆరేళ్ళవాళ్ళనే చేర్చుకుంటారు. సరే, ఆరేళ్ళని రాయించేశాడు. ఆ ఏడేళ్ళ లాభం సంగతి ఎరిగిన పెద్దలంతా పోయారు. మిగిలింది ఇద్దరు. భార్య ముంజియా నోరు విప్పే మనిషి కాదు. రెండో మనిషి హమ్మాది తల్లి మబ్రూకా. ఊళ్ళో సగం మందికి పురుడు పోసిన మంత్రసాని. తొంభై నాలుగేళ్ళొచ్చినా చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి, నోరు అంతకంటే బాగా.

"ఈ పూట అమ్మని గడప దాటనివ్వకు," అన్నాడు హమ్మాది చెప్పులు తొడుక్కుంటూ.

"ఎందుకు?"

"డెబ్బై దాటినవాళ్ళ సంగతి ఇవాళ తేల్చేస్తున్నాం. ఆవిడ అక్కడికొచ్చి ఓ మాట జారిందంటే నా కొంప మునుగుతుంది."

ముంజియా మీద నమ్మకం చాలక, బయట తాళం వేసి చెవి జేబులో వేసుకుని మరీ వెళ్ళాడు.

తాళం పడిన చప్పుడు మబ్రూకా చెవిని దాటిపోలేదు. "పట్టపగలు తలుపుకి తాళమేంటే?"

"ఏం లేదత్తయ్యా. డెబ్బై దాటినవాళ్ళ సంగతి తేలుస్తారట ఇవాళ. మిమ్మల్ని బయటికి పంపొద్దన్నారు."

మబ్రూకా చిన్నప్పుడు, పరాయి ప్రభుత్వం సిపాయిలు రోడ్డు పనికి మగవాళ్ళను పట్టుకుపోతుంటే, వాళ్ళ అమ్మ ఇలాగే తాళం వేసి నాన్నను ధాన్యపు గదిలో దాచింది. అందుకని ఆవిడకు వేరే వివరణ అక్కర్లేకపోయింది. "అంటే పట్టుకుపోతారన్నమాట," అంది.

"ఎవరు పట్టుకుపోతారు?"

"ఎవరైతే నీకెందుకు? దాచారంటే పట్టుకుపోవడానికే!"

గబగబా డాబా ఎక్కి, పక్క డాబా మీద మిరపకాయలు ఎండబెడుతున్న సాల్హాను కేకేసింది. "సాల్హా, నీకు డెబ్బై మూడు కదూ? ఇంట్లో దాక్కో! డెబ్బై దాటినవాళ్ళని పట్టుకుపోతున్నారు. మా మేయరే చెప్పాడు."

సాల్హా దాక్కోలేదు. మేయరు నోటి నుంచి వచ్చిన కబురు కడుపులో ఎక్కడ ఇముడుతుంది? రొట్టెల బట్టీ దగ్గరికి పరిగెత్తింది. అక్కణ్ణుంచి కబురు చేపల మార్కెట్టుకు చేరేసరికి ముసలివాళ్ళకు ఊరి ఉమ్మడి స్నానాల ఇంట్లో ప్రవేశం బంద్ అయింది. మసీదు వీధికి చేరేసరికి ఊరి బయట పాత గిడ్డంగిలో వాళ్ళందరికీ మంచాలు కూడా వేసేశారు.

డాబా మీద మబ్రూకా ఇంకా ఆయాసం తీర్చుకుంటూనే ఉంది. అంతలో ఆవిడకు కొడుకు వయసు గుర్తొచ్చింది. "ఒసే ముంజియా! మనవాడికి డెబ్బై ఆరు కదే! నన్ను దాచి, వెర్రినాగన్న వాడెళ్ళి వాళ్ళ చేతుల్లో పడ్డాడే!"

ముంజియా ఆపేలోపే ఆవిడ పిట్టగోడ దాటి సాల్హా డాబా మీద ఉంది. తొంభై నాలుగేళ్ళ మనిషి గోడ దూకుతుందని తాళం వేసినవాడు మాత్రం ఎలా ఊహిస్తాడు?

పార్టీ ఆఫీసులో అప్పటికే రెండో పని సగం అయిపోయింది. "దేశానికి కుర్ర రక్తం కావాలి," అన్నాడు హమ్మాది మీసం దువ్వుకుంటూ.

"తెలివికి వయసేంటి హాజీ? ఇది ఘోరం, అన్యాయం," అన్నాడు ఫర్జానీ. "అయినా నా మొహం చూడు. నాకు డెబ్బై ఒకటంటే నమ్ముతావా?"

"నేను మొహాలు చూడను నాయనా. కాగితం చూస్తాను."

కమిటీలో ఉన్న పదకొండు మందిలో తొమ్మిది మంది చేతులెత్తారు. కార్యదర్శి నూరీ తీర్మానం రాసుకుని, హమ్మాది సంతకం తీసుకున్నాడు. సిరా ఆరకముందే తలుపు భళ్ళున తెరుచుకుంది.

ముప్పై నలభై మంది ముసలివాళ్ళు, కర్రలతో, దుప్పట్లతో. అందరికంటే ముందు ఓ పెద్దాయన చంకలో పరుపు చుట్ట, చేతిలో పిట్టల పంజరం. "ఎక్కడికి తీసుకెళ్తారో త్వరగా తీసుకెళ్ళండి. పిట్టకు ఎండ పడదు," అన్నాడు.

"ఎవర్నీ ఎక్కడికీ తీసుకెళ్ళడం లేదు తాతా!" అన్నాడు నూరీ.

పెద్దాయన మొహం చిన్నబోయింది. "మరి ఇక తిరిగి రానని మా కోడలికి చెప్పొచ్చేశానే!"

ఇంతలో జనాన్ని కర్రతో పక్కకు నెట్టుకుంటూ మబ్రూకా వచ్చింది. హమ్మాది లేచి నిలబడ్డాడు. జేబులో తాళంచెవి ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. ఉంది.

"ఎవర్రా నా కొడుకుని పట్టుకుపోయేది?" అందావిడ. "డెబ్బై ఆరైతే ఏం? ఈ వయసులో కూడా గుర్రంలా ఉన్నాడు! తీసేయాలనుకుంటే ముందు నన్ను తీసేయండి!"

"అమ్మా, పొరపాటు పడ్డావు, నాకు అరవై..."

"నోర్ముయ్. నిన్ను కన్నది నేనా, ఆ రిజిస్ట్రారా?" కమిటీ వైపు తిరిగింది. "పెద్ద వరదొచ్చిన ఏడు గుర్తుందా? వీధిలో నడుంలోతు నీళ్ళు. ఇదిగో, ఈ ఫర్జానీ పుట్టినప్పుడు వాళ్ళమ్మకు పురుడు పోయడానికి నన్ను పడవలో తీసుకెళ్ళింది వీడే. అంతకు వారం ముందే ముంజియాతో వీడికి నిశ్చితార్థం చేశాం. ఇంత మీసం!"

నూరీ కాగితం మూలన లెక్క కట్టాడు. "పెద్ద వరద అంటే యాభై ఆరేళ్ళ కిందట. అయితే కాగితం ప్రకారం హాజీకి నిశ్చితార్థం నాటికి పదమూడు."

"పదమూడేళ్ళకి మీసమా?" అన్నారెవరో.

"ఒకటో తరగతిలోనే ఉండేది," అంది మబ్రూకా గర్వంగా. "మాస్టారు వీణ్ణి చూసి, పిల్లాడేడీ, తండ్రి మాత్రం వచ్చాడు అన్నాడు."

హాలంతా గొల్లుమంది. హమ్మాది మాత్రం నవ్వలేదు. ఇరవై మూడేళ్ళ కుర్చీ కదిలిపోతోంది. ఫర్జానీ మెల్లగా లేచాడు. వెటకారం ఏమీ లేకుండా, మర్యాదగానే అడిగాడు. "హాజీ, ఇక నువ్వే చెప్పు. కాగితం నిజమా, అమ్మ మాట నిజమా?"

ఒక్క మాట చాలు. అమ్మ పెద్దదైపోయింది, మతి తప్పింది అంటే చాలు, కుర్చీ దక్కుతుంది. హమ్మాది అమ్మ వంక చూశాడు. గోడ దూకినప్పుడు మోకాలు దోక్కుపోయినట్టుంది, కాళ్ళ దాకా కప్పుకున్న తెల్ల ముసుగు అంచుకు రక్తపు చుక్క అంటింది. అయినా ఎవరొచ్చి కొడుకు మీద చెయ్యేస్తారో చూద్దామన్నట్టు నిలబడి ఉంది.

హమ్మాది వెళ్ళి, కర్ర పట్టుకున్న ఆ చేతిని ముద్దు పెట్టుకున్నాడు. "అమ్మ చెప్పిందే నిజం," అన్నాడు. "రాసుకో నూరీ."

నూరీ రాసుకున్నాడు. హమ్మాదికి డెబ్బై ఆరు, ఫర్జానీకి యాభై ఆరు. టికెట్ సంగతి తేలడానికి ఆపైన రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

మూడో పని మాత్రం అనుకున్న వేళకే జరిగింది. చేపల కుస్కుస్ ముందు కూర్చుని మబ్రూకా కొడుకు గిన్నెలో పెద్ద ముక్క వేసింది. "చూశావా, నేను రాకపోతే నిన్ను తీసేసేవాళ్ళు," అంది. హమ్మాది తలూపి, ముక్క నోట్లో పెట్టుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఆ పూట రెండోసారి వడ్డించుకున్నాడు.

ఫర్జానీ ఎన్నికల్లో గెలిచాడు. నెల తర్వాత హమ్మాది రంగు మానేసిన తెల్ల మీసంతో కాఫీ హోటల్‌కు వచ్చి కూర్చున్నాడు. "ఆ తీర్మానం ఘోరం, అన్యాయం అన్నావు కదయ్యా. ఎప్పుడు తీసేయిస్తున్నావు?" అని అడిగాడు.

"తప్పకుండా తీసేయిద్దాం హాజీ," అన్నాడు కొత్త మేయరు కాఫీ అందిస్తూ. "తొందరేముంది, డెబ్బైకి నాకింకా పద్నాలుగేళ్ళుంది."