ఆదర్శ పిత అర్హతలు

ఇందుమూలంగా భవనవాసులందరికీ తెలియజేయడమేమనగా, నాలుగో అంతస్తులో కాపురముంటున్న ఒక తండ్రి నిన్న ఉదయం తన సొంత కూతురికి, ఎవరి బలవంతమూ లేకుండా, స్వహస్తాలతో స్నానం చేయించుచుండగా కొందరు ప్రత్యక్షంగా చూచియున్నారు. సంఘం ఈ సంఘటనను తీవ్రంగా పరిగణించి, సదరు తండ్రిని ఘనంగా సత్కరించుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.

ఈ నోటీసును లిఫ్టు పక్కన అంటించారు. సదరు తండ్రి చంకలో బిడ్డతో, చేతిలో పాలసీసాతో దిగివచ్చి దాన్ని చదివి, ఎవరో పుణ్యాత్ముడు అనుకుని పైకి వెళ్లిపోయాడు. ఆ పుణ్యాత్ముడు తనేనని సాయంత్రానికి గాని తెలియలేదు. తెలిశాక కాస్త సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు అలాగే ఉండిపోయి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

అంతకుముందు ఆయన గొడుగుల కంపెనీలో గుమాస్తా. వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేయడంతో కంపెనీ మూతపడింది. భార్య లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్కు. భవనంలో అందరూ ఆమెను లిఫ్టమ్మ అంటారు. లిఫ్టు ఆగినప్పుడు ఆప్యాయంగా, నడుస్తున్నప్పుడు అన్యమనస్కంగా. ఆమె కంపెనీలో సూపర్‌వైజరు పదవి ఖాళీ కాబోతోంది. ‘ఈసారి నీకే’ అని మేనేజరు మాటిచ్చి ఉన్నాడు. పనిముట్ల సంచీ మొదటిసారి భుజాన వేసుకున్న రోజు నుంచీ ఆమె కోరుకున్నది ఆ కుర్చీ ఒక్కటే. అందుకని మొగుడూ పెళ్లాలు మాట్లాడుకుని, ఆమె పనికి పోయేట్టు, ఈయన బిడ్డను చూసుకునేట్టు ఒప్పందానికి వచ్చారు.

నిజం చెప్పాలంటే ఈయన బాగానే చూసుకున్నాడు. మొదట్లో పాలు పొంగించాడు, గుడ్డలు తిరగేసి తొడిగాడు, కానీ నెల తిరిగేసరికి బిడ్డ ఏ ఏడుపు ఎందుకు ఏడుస్తుందో పసిగట్టగలిగాడు. జోలపాటలు రాకపోవడంతో నోటికి వచ్చిందే పాడేవాడు. ‘పెద్ద గొడుగు, చిన్న గొడుగు, మడత గొడుగు, పిడి వంకర గొడుగు’ అని పాత కంపెనీ సరుకంతా వరసగా పాడితే, పిడి వంకర దగ్గరికి వచ్చేసరికి పిల్ల ఆయన భుజం మీద సొల్లు కారుస్తూ నిద్రపోయేది. ఆ పాటకు తప్ప ఇంకెవరి పాటకూ కన్ను మూసేది కాదు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా ఆయన ఛాతీ కాస్త పొంగేది. అంతకుమించిన బిరుదు ఆయనకు అప్పటిదాకా అవసరం కాలేదు.

సత్కారసభలో సంఘం అధ్యక్షులవారు ప్రసంగించారు. ఆయన తూనికలు, కొలతల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. “చరిత్రలో యుద్ధాలు గెలిచినవాళ్లు ఎందరో ఉన్నారు. కానీ అర్ధరాత్రి తడిగుడ్డ మార్చిన మగవాడు ఏడీ?” అని ప్రశ్నించి, వేలితో చూపించారు. ఆయనకు ముగ్గురు పిల్లలు. వాళ్లు తడిసేవారని ఆయనకు అప్పట్లో ఎవరూ చెప్పలేదట. మూడో అంతస్తు పిన్నిగారు తన నలుగురినీ, కవలలతో సహా, ఒంటిచేత్తో పెంచానని, ఒక్కడూ చప్పట్లు కొట్టిన పాపాన పోలేదని పక్కావిడతో అన్నారు. సభలో మాట్లాడవద్దని ఆవిడను మందలించారు.

అక్కడి నుంచి ఆహ్వానాలు పోటెత్తాయి. బ్యాంకు ఉద్యోగుల సంఘం పిలిచింది, కాలేజీ పిలిచింది, చివరికి బ్రహ్మచారుల క్లబ్బు కూడా పిలిచింది. ‘శిశుపాలనలో పురుషుని పాత్ర’ అనే అంశంపై ఆయన వారానికి నాలుగు చోట్ల మాట్లాడేవాడు. తండ్రి ఎప్పుడూ బిడ్డ కళ్ల ముందే ఉండాలని ఊరూరా తిరిగి చెప్పేవాడు. అలా చెప్పడానికి వెళ్లినప్పుడు బిడ్డ ఎవరి కళ్ల ముందు ఉండాలన్న చిన్న సమస్య వచ్చింది. లిఫ్టమ్మ సెలవు పెట్టింది. మళ్లీ పెట్టింది. ఆ తర్వాత సెలవు చీటీ రాయడం అలవాటైపోయింది.

ఇంకో ఇబ్బంది కూడా తలెత్తింది. ఆమె మొగుణ్ణి పెళ్లినాటి నుంచీ ‘నువ్వు’ అనేది. నలుగురూ గౌరవించే మనిషిని ఏకవచనంలో పిలవడం సంఘానికే అప్రతిష్ఠ అని అధ్యక్షులవారు ఒకరోజు సున్నితంగా సూచించారు. ఆమె ఆ పూటే ‘మీరు’లోకి మారిపోయింది. ఆ మార్పు ఆయనకు హాయిగానే ఉంది గాని, ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టు కూడా ఉంది. ముల్లు సంగతి తీరిగ్గా చూద్దామనుకున్నాడు. తీరిక లేకపోయింది.

సంవత్సరాంతాన ‘ఆదర్శ పిత’ బిరుదు ప్రదానం డాబా మీద ఏర్పాటు చేశారు. ముఖ్య అతిథి ఎవరో కాదు, లిఫ్టు కంపెనీ మేనేజరే. ఆయన, అధ్యక్షులవారు, ఆదర్శ పిత ముగ్గురూ లిఫ్టెక్కారు. వేదిక కోసం వేసిన దీపాల లోడుకు కరెంటు పోయి, లిఫ్టు అంతస్తుల మధ్య వేలాడుతూ ఆగిపోయింది. డాబా మీద బిడ్డను ఎత్తుకుని నిలబడ్డ లిఫ్టమ్మ కబురు విని పనిముట్ల సంచీ అందుకుంది. బిడ్డను కాసేపు పట్టుకోమని చుట్టూ ఉన్నవాళ్లను అడిగింది. వాళ్లంతా శిశుపాలనలో పురుషుని పాత్రను అభినందించడానికి వచ్చిన పురుషులే. ఒకరికి ఇస్త్రీ చొక్కా అడ్డొచ్చింది, ఒకరికి జలుబు, ఒకరు ఆ దృశ్యాన్ని ఫోనులో తీస్తున్నారు. పిన్నిగారు అందుకుందామని లేచేసరికి ఆలస్యమైంది. ఆమె అప్పటికే బిడ్డను తువ్వాలుతో వీపుకు కట్టుకుని మెషీను గదిలోకి వెళ్లి, చేత్తో చక్రం తిప్పి, ముగ్గురు పెద్దమనుషులనూ మెల్లగా పైకి లాగింది.

తలుపు తెరుచుకోగానే మేనేజరు చెమట తుడుచుకుని, ఆమెను, వీపు మీది బిడ్డను మార్చి మార్చి చూశాడు. “మెషీను గదిలోకి పిల్లను తీసుకెళ్లావా? ఇది నేను గుర్తుపెట్టుకుంటాను,” అన్నాడు. మాట మీద నిలబడే మనిషి కనుక ప్రసంగంలోనే గుర్తుచేసుకున్నాడు.

“బిడ్డ ఉన్న ఆడమనిషికి ధ్యాస రెండుచోట్ల ఉంటుంది. అది ఆమె తప్పు కాదు, ప్రకృతి. కానీ ఒక మగవాడు బిడ్డను సాకాడంటే అతనికి ఓర్పు ఉన్నట్టు, సమయపాలన ఉన్నట్టు, పదిమందిని నడిపించే సత్తా ఉన్నట్టు. మా సూపర్‌వైజరు కుర్చీకి ఇన్నాళ్లూ నేను వెతుకుతున్నది ఇలాంటి మనిషినే,” అన్నాడు. డాబా చప్పట్లతో దద్దరిల్లింది. సదరు తండ్రి గుండె మీద ‘ఆదర్శ పిత’ అన్న ఇత్తడి బిళ్ల తగిలించారు.

ఆయన లేచాడు. కాదనాలని, ఆ కుర్చీ ఎవరిదో చెప్పాలని నిజంగానే అనుకున్నాడు. నోరు తెరిచి, అలవాటు కొద్దీ అందరికీ కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నాడు.

ఇంటికి వచ్చాక, తను వద్దంటే ఆ పదవి బయటివాళ్లకు పోయేదని, ఇప్పుడు కనీసం మనింట్లోనే ఉంటుందని నచ్చజెప్పబోయాడు.

“ఉంటుంది లెండి. నేనూ ఇంట్లోనే ఉంటాను,” అంది ఆమె, బిడ్డ మూతి తుడుస్తూ.

ఇద్దరూ పనికి పోతే పిల్లను ఎవరు చూస్తారన్న ప్రశ్న రావడం, రాగానే అందరూ ఆమె వైపు చూడటం జరిగిపోయాయి. లిఫ్టమ్మ పనిముట్ల సంచీ అటక ఎక్కింది. మర్నాటి నుంచి ఆమె బిడ్డకు స్నానం చేయించడం కొందరు ప్రత్యక్షంగానే చూశారు. నోటీసు ఏదీ వెలువడలేదు.

సూపర్‌వైజరుగారు కొత్త పదవిలో, కోటు మీద ఇత్తడి బిళ్లతో వెలిగిపోతూ ఉండగా, ఒకరోజు పెద్ద బట్టల దుకాణంలో లిఫ్టు పరీక్షించడానికి వెళ్లారు. నలుగురు కొనుగోలుదారులను కూడా ఎక్కించుకున్నారు. గేటు మూశారు. లిఫ్టు కదలలేదు. గేటు తెరుచుకోనూ లేదు. మీట మీద మీట నొక్కినా లాభం లేకపోయింది. ఆయన చెమటలు కక్కుతూ ఇంటికి ఫోను చేశారు. అవతల బిడ్డ ఇల్లెగిరిపోయేట్టు ఏడుస్తోంది.

“పొద్దుట్నుంచీ ఇదే వరస. మీరు చెప్పేది ఒక్క ముక్క వినపడటంలేదు, సూపర్‌వైజరుగారూ. ముందు దీన్ని ఊరుకోబెట్టండి, లిఫ్టు సంగతి తర్వాత,” అంది ఆమె.

“నేనెలా ఊరుకోబెడతాను ఇక్కణ్ణుంచి?”

“పాడండి.”

కొత్తవాళ్ల నలుగురి మధ్య, ఇరుకు పెట్టెలో, టై కట్టుకున్న మనిషి గొంతు సవరించుకుని ‘పెద్ద గొడుగు, చిన్న గొడుగు’ అని మొదలెట్టాడు. మడత గొడుగు దాకా వచ్చేసరికి ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది. పిడి వంకర దగ్గర అవతల నిశ్శబ్దమైపోయింది. ఎడమ భుజం తడుముకుంటే కోటు పొడిగా, ఇస్త్రీ చెడకుండా ఉంది. ఇన్నాళ్లలో పోగొట్టుకున్నదేమిటో ఆయనకు అప్పుడు తెలిసింది, ఏడుపొచ్చింది.

“గేటు పూర్తిగా పడి ఉండదు. కింద గాడిలో ఏదైనా ఇరుక్కుందేమో చూడండి,” అంది ఆమె, బిడ్డ లేవకుండా నెమ్మదిగా.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని గాడిలో వేలు పెట్టి లాగాడు. కోటు నుంచి ఊడిపడిన ఇత్తడి బిళ్ల వచ్చింది. గేటు పడింది, లిఫ్టు కదిలింది. “ఈ కుర్చీలో కూర్చోవలసింది నువ్వు,” అన్నాడు ఆయన ఫోనులో. “అది నాకు తెలుసు. మీ మేనేజరుకి చెప్పండి,” అంది ఆమె.

ఆయన చెప్పేవాడే. మర్నాడు చెబుదామని గట్టిగా నిశ్చయించుకున్నాడు కూడా. అయితే లిఫ్టులోని నలుగురిలో ఒకరు ఆ పాటను ఫోనులో తీసి లోకానికి వదిలారు. ఉద్యోగ బాధ్యతల నడుమ కూడా బిడ్డను మరువని తండ్రిని చూసి జనం కళ్లనీళ్లు పెట్టుకున్నారు. తెల్లారేసరికి మేనేజరే పూలగుత్తితో ఎదురొచ్చాడు. చేతుల్లో పూలగుత్తి ఉన్నప్పుడు మాట పెగలడం కష్టం.

ఈ ఏడు కూడా సంఘం అర్హుల కోసం భవనమంతా గాలించింది. ప్రతి అంతస్తులోనూ పిల్లల్ని పెంచుతున్నవాళ్లు కనిపించారు గాని, వాళ్లంతా తల్లులు కావడంతో పరిశీలనకు నోచుకోలేదు. బిరుదు తిరిగి ఆయనకే దక్కింది. ఇత్తడి బిళ్ల బదులు ఈసారి వెండిది, గట్టి పిన్నుతో ఇచ్చారు. సభ యావత్తూ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ముందు వరసలో ఒక్క లిఫ్టమ్మ మాత్రం కొట్టలేదు. ఆమె రెండు చేతుల్లోనూ బిడ్డ ఉంది. మొగుడికి ఇంత గౌరవం జరుగుతుంటే ఆ పొగరేమిటని సభలో చాలామంది అనుకున్నారు. అక్కడే ఉండి చప్పట్లు కొడుతున్న మీకు కూడా ఆ సంగతి కనిపించే ఉంటుంది.